ఆవిరి రాని నీళ్ళు

లాజరు సుత్తి పట్టుకుని మేడమెట్లు ఎక్కబోయేసరికి అమలమ్మ మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చుని ఉంది.

లెమ్మన్నాడు. లేవలేదు.

"పెట్టె పగలగొట్టాలంటే ముందు నన్ను తొక్కుకుంటూ వెళ్ళండి" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి దారికి అడ్డం కూర్చోవడం ఇదే మొదలు. మే నెల మిట్టమధ్యాహ్నం, సిమెంటు మెట్లు కాలిపోతున్నాయి. ఆ సెగ చీరలోంచి తెలుస్తూనే ఉంది. అయినా కదల్లేదు. లాజరు అటూ ఇటూ చూసి సుత్తితో గోడ మీద ఒక్కటి వేశాడు. లోపల హాల్లో కూర్చున్న వియ్యపురాలికి వినబడాలని వేసిన దెబ్బ అది. ఆ సంగతి తెలిసి అమలమ్మకు ఒళ్ళు మండింది.

ఆయన గొంతు తగ్గించి బతిమాలడం మొదలుపెట్టాడు. అల్లుడు ఐదింటి బస్సుకు బయల్దేరతానంటున్నాడు, పిల్లనూ బిడ్డనూ తీసుకెళ్తానంటున్నాడు. మేడ మీద ఎండకు నీళ్ళు కాచే ఆ పెట్టె లేకుండా పోతే వాళ్ళ కోపం చల్లారుతుంది. గాయం మానేదాకా అమ్మాయి ఇక్కడే ఉంటుంది. ఒక గాజుపలకా, నాలుగు గొట్టాలూ పోయేదానికి ఎందుకీ పంతం అన్నాడు.

అమలమ్మ లెక్క వేరు. పెట్టె పగిలిందంటే తప్పు పెట్టెదేనని ఈ ఇల్లు ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక ఇక వియ్యపురాలు సంపూర్ణమ్మను ఆపేదెవరు? వీపంతా బొబ్బలెక్కిన పదహారు రోజుల పచ్చి బాలింత, ఈ ఎండలో, బందరు బస్సులో రెండున్నర గంటలు వీపు ఎక్కడ ఆనించుకుంటుంది? మూడు రోజులుగా ఆవిడ కడుపులో రగులుతున్నదల్లా ఈ ఒక్క మాటే. పెట్టె ఉంటే ఉంది, పోతే పోయింది. కూతురు మాత్రం ఆ బస్సెక్కడానికి వీల్లేదు.

తొలికానుపు పుట్టింట్లో కాబట్టి కూతురు తెరేస ఏడో నెల వెళ్ళగానే గవర్నర్‌పేట వచ్చేసింది. ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని చూడడానికి బందరు నుంచి వచ్చిన సంపూర్ణమ్మ, వచ్చిన మర్నాటి నుంచే బాలింత స్నానం తన చేతుల్లోకి తీసుకుంది. అక్కడినుంచీ పడింది ఆవిడ కన్ను మేడ మీది నీళ్ళ మీద. నిప్పు ముట్టని నీళ్ళు బాలింతకు పోస్తే వాతం చేస్తుందట. ఎండకు కాగిన నీళ్ళు గేదెల్ని కడగడానికి పనికొస్తాయేమో గానీ మనుషులకు పనికిరావట. వారం రోజులపాటు ఆ నీళ్ళలో పస లేదని దెప్పిన మనిషి, మంగళవారం కోడలి వీపు కాలగానే ఆ నీళ్ళే కాల్చాయని ఇల్లు పీకి పందిరేసింది. లోకంలో ఎవరు పట్టిన కుందేటికైనా మూడే కాళ్ళు. ఈవిడ కుందేటికి పొద్దున రెండు, సాయంత్రానికి ఆరు.

ఆ పెట్టె లాజరు చేతిపని. రైల్వే లోకోషెడ్డులో ఇరవై తొమ్మిదేళ్ళు బాయిలర్ ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే స్నేహితుడు గీసిచ్చిన బొమ్మ చూసి మొదలుపెట్టాడు. వన్ టౌన్ పాత ఇనుము కొట్లన్నీ తిరిగి గొట్టాలు ఏరుకొచ్చాడు. రేకుకు నల్లరంగు పూసి, పైన గాజుపలక బిగించి, డాబా మీద దక్షిణం వైపు ఏటవాలుగా నిలబెట్టాడు. పక్కనే ఎత్తు మీద డ్రమ్ము, దాని చుట్టూ ఊక కూరిన గోనెలు. ఆ గొట్టాల్లో కాగిన నీళ్ళు వాటంతటవే డ్రమ్ములోకి ఎక్కుతాయంటే వీధి వీధంతా నవ్వింది. లాజరుగారు సూర్యుడికి కుళాయి తగిలించాడని ఎగతాళి చేశారు. మొదటి నెల అతుకులన్నీ కారాయి. రెండో నెల ఎవరో విసిరిన రాయికి గాజు పగిలింది. వడియాలు పెట్టుకునే చోటు పోయిందని పక్కింటి ఆడవాళ్ళు మూతులు ముడిచారు.

మూడో నెలలో ఒకరోజు అమలమ్మ పెరట్లో కుళాయి తిప్పి చెయ్యి పెట్టి, అబ్బా అని వెనక్కి లాక్కుంది. ఆ రోజు ఆవిడ ఏడ్చింది. పెళ్ళయిన నాటినుంచీ పొట్టు పొయ్యి ముందు కూర్చుని ఊది ఊది కళ్ళు పాడుచేసుకున్న మనిషి మరి. అప్పటినుంచీ ఎసరు నీళ్ళూ, అంట్ల నీళ్ళూ, స్నానాల నీళ్ళూ అన్నీ మేడ మీదివే. ఒకటి మాత్రం త్వరగానే కనిపెట్టింది. ఎండాకాలంలో ఆ నీళ్ళు ఎంత కాలుతున్నా పైకి ఆవిరి కనబడదు. సడి లేదు, పొగ లేదు. తేటగా బావి నీళ్ళలాగే ఉంటాయి. అందుకే బకెట్టు పట్టినప్పుడల్లా మీద ఒక చెక్కమూత వేయడం అలవాటు చేసుకుంది. మూత ఉంటే వేడివని ఇంట్లో వాళ్ళకు గుర్తు.

మంగళవారం ఒంటిగంటకు పాప గుడ్డలు ఉతకడానికని బకెట్టు నింపి, మూత పెట్టి, చాకలి వస్తే ముందు గుమ్మంలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి స్నానాల గదిలోంచి తెరేస కేక. బకెట్టు సగం ఖాళీ. మూత గోడకు ఆనించి ఉంది. పొయ్యి మీది కాగులో నీళ్ళు కూడా అడుగంటాయి. మూత ఎందుకు పెట్టిందో వియ్యపురాలికి చెప్పి ఉండవలసిందన్న బాధ ఒకటి అమలమ్మను లోపల తినేస్తూనే ఉంది. కానీ ఆ బాధ కోపాన్ని తగ్గించలేదు, ఇంకాస్త పెంచింది.

నిన్న సాయంత్రం సున్నపుతేట, కొబ్బరినూనె కలిపి వీపుకు రాస్తూ కూతుర్ని నిలదీసింది. తెరేస బోర్లా పడుకుని, తలగడలో మొహం పెట్టుకునే చెప్పింది. అత్తయ్య కాగులో నీళ్ళు సలసలా కాచింది. చన్నీళ్ళు కలపాలని చూసి, ఆ బకెట్టులోవి చన్నీళ్ళనుకుని, చెయ్యి పెట్టకుండానే సగం బకెట్టు కలిపింది. మొదటి చెంబు పోయగానే తెరేస అరిచింది. తొలికానుపు పిల్లలందరూ ఇలాగే అరుస్తారు, ఓర్చుకో అని రెండో చెంబు కూడా పోసింది.

రెండో చెంబు అనగానే అమలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు ఎవరితోనూ అనొద్దు" అంది తెరేస. "రేపు నేను బతకాల్సింది ఆ ఇంట్లో."

అనకుండా రాత్రంతా ఎలాగో పళ్ళు బిగబట్టింది. ఇవాళ పన్నెండింటికి అల్లుడు దిగాడు.

జాన్‌బాబు బందరు తాలూకాఫీసులో గుమాస్తా. మెత్తని మనిషి. తల్లి ఎదురుగా మరీ మెత్తన. భోజనం దగ్గర తలెత్తలేదు, మారు వడ్డించమనలేదు. అమలమ్మ పప్పు వేయబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి, గోడకేసి చూస్తూ, ఐదింటి బస్సు సంగతి చెప్పాడు. ఆ మాటలు తల్లి నేర్పినవని వినేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. ఆ మాటలు విన్నాకే లాజరు లేచి సుత్తి వెతుక్కున్నాడు.

ఇప్పుడు మెట్ల దగ్గర మొగుడూ పెళ్ళాం ఎంతకూ తెగకపోయేసరికి సంపూర్ణమ్మే హాల్లోంచి వరండాలోకి వచ్చి నిలబడింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మెడలో సిలువ గొలుసు, భుజం మీద పాప. పగలగొట్టేవాళ్ళయితే ఎప్పుడో పగలగొట్టేవాళ్ళు, ఈ నాటకాలు తన దగ్గర వద్దంది. బందరులో తమ ఇంట్లో ఇంత పెద్ద రాగి కాగు ఉందనీ, అందులో కాచిన నీళ్ళతో ముగ్గురు కోడళ్ళకు స్నానాలు చేయించిందనీ, ఒక్కరి ఒంటి మీదా చిన్న పొక్కు లేవలేదనీ చెప్పింది. ఇంజన్లు బాగుచేసే చేతులతో మనుషులకు నీళ్ళు కాచడం ఇక్కడే చూశానంది.

ఆ మాటకు లాజరు సుత్తి కింద పెట్టేశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే చెల్లెమ్మా. డ్రమ్ములో వేడి అంత పెరుగుతుందని నేను ముందే చెప్పాల్సింది. నా పెట్టె వల్లే అయింది. క్షమించు" అన్నాడు.

అమలమ్మకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆడలేక మద్దెల ఓడన్న మనిషిని చూసింది గానీ, మద్దెల చేసినవాడే వచ్చి అవునమ్మా ఓడే అని ఒప్పుకోవడం ఇప్పుడే చూస్తోంది. కూతురి కోసమే ఆయన తల వంచాడు. అది తెలుసు. తెలిసినా క్షమించలేకపోయింది. ఆ వంచిన తలతోనే కూతుర్ని బస్సెక్కిస్తున్నాడు.

అల్లుడు గడియారం చూసుకున్నాడు. సామాను సర్దమని లోపలికి కేకేశాడు. గదిలోంచి తెరేస మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది.

అమలమ్మ మెట్టు మీద నుంచి లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళింది. ఒక బకెట్టు బావిలోంచి చేది నింపింది. ఇంకొకటి మేడ మీది నీళ్ళు వచ్చే కుళాయి కింద పెట్టింది. రెండూ మోసుకొచ్చి వరండాలో వియ్యపురాలి కాళ్ళ ముందు పక్కపక్కన పెట్టింది. నీళ్ళు సర్దుకుని నిలకడ అయ్యేదాకా ఆగింది. రెండూ ఒక్కలాగే తేటగా ఉన్నాయి. దేని మీదా ఆవిరి లేదు.

"వదినగారూ, మా అమ్మాయి స్నానానికి చన్నీళ్ళు కలపాలి. ఈ రెంటిలో చన్నీళ్ళేవో చెప్పండి. చెయ్యి పెట్టకుండా చెప్పాలి. మంగళవారం మీరు పెట్టలేదుగా" అంది.

సంపూర్ణమ్మ బకెట్లకేసి చూసింది. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని. పాపను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మార్చుకుంది.

జాన్‌బాబుకు మొహం ఎర్రబడింది. పెద్దావిడకు పరీక్షలు పెట్టడమేమిటని అత్తగారి మీద లేచాడు. ఈ ఇంటికి వచ్చినందుకు తన తల్లిని నలుగురిలో నిలబెట్టి అవమానిస్తున్నారన్నాడు. ఈ నీళ్ళలో ఏముందని ఇంత గొడవ అంటూ, తనకు దగ్గరగా ఉన్న బకెట్టులో చెయ్యి మణికట్టు దాకా ముంచేశాడు.

ముంచిన చేతిని అంతకన్నా వేగంగా లాక్కున్నాడు.

వేళ్ళు ఎర్రగా కమిలాయి. అతను వాటికేసి చూసుకున్నాడు, తర్వాత గది తలుపుకేసి చూశాడు. అరక్షణం తన చేతికి తగిలింది ఆ తలుపు వెనక ఉన్న మనిషి వీపంతా పాకిందని అప్పటికి గానీ అతనికి తట్టినట్టు లేదు.

"అమ్మా, ఈ నీళ్ళా నువ్వు కలిపింది?" అన్నాడు.

సంపూర్ణమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "ఆవిరి రాలేదురా. పొయ్యి మీద నీళ్ళయితే పొగ కక్కుతాయి, చప్పుడు చేస్తాయి. ఇవి చన్నీళ్ళలాగే ఉన్నాయి. నాకెలా తెలుస్తుంది?"

ఆ మాట నిజం. పొయ్యి ముందు నలభై ఏళ్ళు గడిపిన ఏ ఆడమనిషైనా ఆ చోట అదే పొరపాటు చేసేది. అమలమ్మకు కూడా అది నిజమేననిపించింది. అక్కడితో ఆగి ఉంటే, మంచినీళ్ళు తెచ్చిచ్చి కూర్చోండి వదినగారూ అని ఉంటే, ఈ కథ ఇంకోలా నడిచేదేమో. కానీ మూడు రోజులు మింగిన కోపం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుందా?

"తెలియకపోతే అడగాలి" అంది అమలమ్మ. "అడక్కపోతే పోనీ, పిల్ల అరిచినప్పుడన్నా ఆపాలి. రెండో చెంబు ఎందుకు పోశారు?"

లాజరు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

సంపూర్ణమ్మ మొహంలో మెత్తదనం ఎక్కడిదక్కడే గడ్డకట్టుకుపోయింది. రెండో చెంబు సంగతి తనకూ, కోడలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అంటే కోడలు చెప్పిందన్న మాట. ఆవిడ తలతిప్పి గది తలుపుకేసి ఒక చూపు చూసింది. అమలమ్మ ఆ చూపు చూసి, తాను చేసిన పనేమిటో అప్పుడు గ్రహించింది.

"మీ అమ్మాయిని మీ దగ్గరే ఉంచుకోండి" అంది సంపూర్ణమ్మ. "గాయం మానేదాకా కాదు, ఎల్లకాలం ఉంచుకోండి. నా మనవరాలిని నేను తీసుకెళ్తున్నా."

పదహారు రోజుల బిడ్డకు పాలెలా అని అడిగాడు లాజరు. బందరులో ఆవులు లేవా అంది ఆవిడ. పాప నెత్తిన కొంగు కప్పి, చెప్పులు తొడుక్కుని వరండా మెట్లు దిగింది. గుమ్మం బయట వేపచెట్టు నీడలో కునుకు తీస్తున్న రిక్షావాణ్ణి లేపి ఎక్కి కూర్చుంది. బస్టాండన్నది.

జాన్‌బాబు కమిలిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని వరండాలోనే నిలబడిపోయాడు. తల్లి వెనక వెళ్ళాలో, తలుపు తట్టాలో తెలియని మనిషిలా ఉన్నాడు. అమలమ్మకు అతన్ని చూస్తే జాలి వేయలేదు. చెంప పగలగొట్టాలనిపించింది.

గది తలుపు తెరుచుకుంది. తెరేస వదులు రవిక మీద పల్చని పాత పంచె కప్పుకుని బయటికి వచ్చింది. నడుం వంచి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తోంది. మొగుణ్ణి దాటింది. తండ్రిని దాటింది. అమలమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆ చేతిని తప్పించుకుని దాటింది.

"నిన్ను అనొద్దన్నానమ్మా" అంది, అంతే.

రిక్షా ఎక్కి అత్తగారి ఒడిలోంచి బిడ్డను తీసుకుంది. సంపూర్ణమ్మ ఇవ్వనని అనలేదు, పట్టి లాగనూ లేదు. తెరేస వీపు వెనక్కి ఆనకుండా సీటు అంచున ముందుకు వంగి కూర్చుంది. పంచె మీద చెమటో, బొబ్బ చితికిన తడో, అరచేతి మేర మరక కనిపిస్తోంది.

దిగమని అమలమ్మ గుమ్మంలోంచి కేకేసింది. ఆ బస్సులో నువ్వు బతికి చేరవే అంది.

తెరేస తల్లి వైపు తిరగలేదు. రిక్షావాడితో మాట్లాడింది.

"బస్టాండుకి కాదు. పెద్దాసుపత్రికి పోనీ."

మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరి నోటా రాని మాట అది. ఆసుపత్రికి వెళ్తే ఎలా కాలిందని అడుగుతారు, కాయితం మీద రాస్తారు. లాజరు తన పెట్టె పేరు రాస్తారని భయపడ్డాడు. సంపూర్ణమ్మ తన పేరు రాస్తారని భయపడింది. అమలమ్మ? మూత సంగతి తన నోటితో చెప్పవలసి వస్తుందని ఆవిడా భయపడింది. అందరూ కలిసి సున్నపుతేట రాసుకుంటూ కూర్చున్నారు.

సంపూర్ణమ్మ కోడలి మొహంలోకి చూసి ఏదో అనబోయింది.

"డాక్టరమ్మ అడుగుతుంది అత్తయ్యా, ఎలా కాలిందని" అంది తెరేస. "నేను చెప్పను. మీరు చెప్తారో, మా అమ్మ చెప్తుందో దారిలో మీరూ మీరూ తేల్చుకోండి. ఎవరు నిజం చెప్తే వాళ్ళింటికే నేనూ నా బిడ్డా వెళ్ళేది."

రిక్షా కదిలింది. అమలమ్మ చెప్పుల కోసం వెనక్కి వెళ్ళలేదు. కాలుతున్న రోడ్డు మీద దాని వెనకాలే నడవడం మొదలుపెట్టింది. వియ్యపురాలు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి.